మనోవైద్యమున మాట, మర్యాద

జ్వరము వచ్చిన బిడ్డను ఎత్తుకొని వైద్యునియొద్దకు పరుగెత్తని తల్లి యుండదు. కాలు విరిగినవానిని ఇరుగుపొరుగువారు మంచముతో సహా మోసికొని పోవుదురు. మనస్సు చెదరిన మనుష్యుని మాత్రము వెనుక గదిలో నుంచి తలుపు మూయుట మన దేశమున నేటికిని మానలేదు. 2015-16 సంవత్సరములలో 12 రాష్ట్రములయందు జరిగిన జాతీయ మానసికారోగ్య పరిశీలనలో, వ్యాధి స్వభావమును బట్టి నూటికి 70 మొదలు 92 మంది వరకు రోగులు తగిన చికిత్స లేకయే యున్నారని తేలినది. వైద్యుల కొరత ఇందులకొక కారణము. లోకులేమందురో యను సిగ్గు వేరొక కారణము. ఇక మూడవ కారణమును గూర్చి మనము చాల తక్కువగా మాటలాడుకొందుము. వైద్యశాల గడప వరకు వచ్చిన రోగి, అచ్చటి మాట తనకు తెలియక, తన మాట అచ్చటివారికి తెలియక, వచ్చిన దారినే మరలిపోవుచున్నది.

హైదరాబాదు పాతబస్తీని జూచినచో ఈ సంగతి చక్కగా బోధపడును. 1591లో చార్మినారును కట్టించిన ముహమ్మద్ కులీ కుతుబ్ షా, 1595 ప్రాంతమున 'దారుల్ షిఫా' అను గొప్ప వైద్యశాలను నెలకొల్పెను. స్వస్థత నొసగు గృహమని దాని యర్థము. అచ్చట యూనానీ వైద్యము చేయుటయే గాక, ఆ శాస్త్రమును బోధించుటయు జరిగెడిది. ఆ పేటకు ఆ పేరు నేటికిని నిలిచి యున్నది. చార్మినారు చెంతనున్న నిజామియా యూనానీ ఆసుపత్రికి ఇప్పటికిని రోగులు పోవుచున్నారు. యూనానీ గ్రంథములలో 'మాలీఖూలియా' యను పేరుతో విషాదరోగము శతాబ్దములనుండి వర్ణింపబడి యున్నది. కావున పాతబస్తీ కుటుంబములు వైద్యమన్న వెఱతురని యనుకొనుట తగదు. వైద్యము వారికి పాత చుట్టమే. నేటి మనోవైద్యము మాత్రము వారి యింటిమాటకును, ఇంటి మర్యాదకును ఇంకను అలవాటు పడలేదు.

నగరములోని ప్రభుత్వ మానసిక వైద్యశాల మూసీనది కావలి వైపున, ఎర్రగడ్డలో నున్నది. ఆ పేట పేరే మన నగరమున నొక తిట్టుగా మారినది. ఎవరైన తిక్కగా మాటలాడినచో, "వీనిని ఎర్రగడ్డకు పంపవలసినదే" యని పరిహాసమాడుట విననివారుండరు. ఆ పరిహాసము వినుచు పెరిగిన యాడపడుచు, తనకు నిద్రలేని రాత్రులు దాపురించినప్పుడు ఆ దారి పట్టుటకు ఎట్లు సాహసించును?

రంది, బుగులు, ఘబ్రాహట్

పాతబస్తీలో ఉర్దూ మాటలాడు స్త్రీ, తన మనోవ్యథను జెప్పవలసి వచ్చినప్పుడు "దిల్ ఘబ్రాతా హై" యనును. తెలుగింటి స్త్రీ "పానము మంచిగ లేదు" అనును. "రంది పట్టుకున్నది" యనును. "ఊరికెనే బుగులైతాంది" యనును. ఈ మాటలలో ఒక్కటియు వైద్యగ్రంథములలో లేదు. అయినను ఒక్కొక్క దానికి నొక్కొక్క యర్థము గలదు. రందియనగా లోలోపల తొలుచు చింత. బుగులనగా కారణము తెలియని భయము. ఘబ్రాహట్ అన్నప్పుడు గుండెదడయు, మనసులోని కలవరమును ఒక్క మాటలోనే యిమిడి యుండును. మనవారు దేహమును, మనస్సును రెండు గదులుగా విడదీసి మాటలాడరు. దుఃఖము తలనొప్పిగను, కడుపులో మంటగను, కాళ్ల పీకుగను బయటికి వచ్చును.

తొందరలో నున్న డాక్టరు ఈ మాటలు విని ఈ.సీ.జీ. తీయించును, దోషమేమియు గనబడనప్పుడు బలమునకు మాత్రలు వ్రాసి పంపివేయును. లేదా "నీ దేహమున జబ్బేమియు లేదు, అంతయు నీ మనసులోనిదే" యనును. మొదటి డాక్టరు ఆమె వ్యాధిని గుర్తింపలేదు. రెండవ డాక్టరు గుర్తించెనేమో గాని, తాను అబద్ధమాడితినని ఆయన యనుకొనుచున్నట్లు ఆమె భావించును. మరల రాదు. ఇచట నొక జాగ్రత్త చెప్పవలసి యున్నది. గుండెదడ, నిస్సత్తువ, నిద్రలేమి గల స్త్రీలకు రక్తహీనతయు, థైరాయిడు గ్రంథి వికారమును ఉండుట కలదు. వానిని పరీక్షించి తీరవలెను. దేహమును పరీక్షించి, ఆ వెంటనే "ఇంటిలో ఎట్లున్నది? మనసున నేమున్నది?" యని అడిగిన వైద్యుడు రెండు ధర్మములను నెరవేర్చినవాడగును.

ఈ అడుగుటను నేర్పుటకే అమెరికా మనోవైద్య సంఘమువారు 2013లో ప్రకటించిన తమ రోగనిర్ణయ గ్రంథమున 16 ప్రశ్నల పట్టిక నొకదానిని చేర్చిరి. నీ కష్టమునకు నీవు పెట్టుకొన్న పేరేమి? అది యెందువలన వచ్చినదని నీ నమ్మకము? నీవారేమనుచున్నారు? ఇంతకు ముందు ఎవరి సాయము కోరితివి? నీకు తగిన సాయమేదని తలంతువు? ఆ పట్టికలోని ప్రశ్నలు ఇట్టివి. మన యూళ్లలో మంచి పేరు దెచ్చుకొన్న పాతకాలపు వైద్యులు ఇట్టి ప్రశ్నలనే అడిగెడివారు గదా!

ఒక డాక్టరు పొందిన గుణపాఠము

మంచి మనసు మాత్రముండిన చాలదనుటకు ఆఫ్రికా ఖండమున జరిగిన యొక సంగతి నిదర్శనము. ఫ్రాంట్జ్ ఫానన్ అను యువ డాక్టరు 1953లో అల్జీరియా దేశమున బ్లీడా పట్టణపు మానసిక వైద్యశాలలో ఉద్యోగమున ప్రవేశించెను. అచ్చట యూరపు స్త్రీల వార్డులో ఆయన పండుగలు జరిపించెను; చలనచిత్రములు చూపించెను; రోగులచేతనే చిన్న పత్రికను నడిపించెను. వారు కొలదికాలముననే తేరుకొనసాగిరి. అదే పద్ధతిని ముస్లిము పురుషుల వార్డులో ప్రయోగింపగా, వారిలో చలనమే కలుగలేదు. ఆటలకు రారు, సభలకు రారు. ఫానన్ దోషమును రోగులపై మోపలేదు. వారి కుటుంబ జీవనము, వారి పండుగలు, వారి ప్రొద్దుపుచ్చు విధము తాను తెలిసికొనలేదని గ్రహించి, సహోద్యోగితో గూడి 1954లో ఆ మాటనే పత్రికాముఖమున వ్రాసెను. పిమ్మట ఆ వార్డువారికై వారి యలవాటు చొప్పున కాఫీశాల వెలసినది. ముస్లిము పండుగలు జరిగినవి. కథలు జెప్పువాడు వచ్చి కథలు జెప్పెను. రోగుల భాష తెలియక దుబాసి ద్వారా మాటలాడవలసి వచ్చుటయు ఆ వైఫల్యమునకు గల కారణములలో నొకటిగా ఆయన యెంచెను.

మన పాతబస్తీకి ఈ కథ చక్కగా వర్తించును. ఉర్దూ రాని డాక్టరునకును, తెలుగు రాని రోగికిని మధ్య చాలసార్లు దుబాసిగా నిలుచునది ఇంటివారే. అత్తగారి సమక్షమున, అత్తగారి నోటిమీదుగా, కోడలు తన కష్టమును జెప్పుకొనగలదా? పదేండ్ల కుమారుడు తల్లి దుఃఖమును డాక్టరునకు తర్జుమా చేసి చెప్పవలసినదా? ఇంటివారిచేత గాక, రోగి భాష వచ్చిన నర్సుచేతనో, వేరొక ఉద్యోగినిచేతనో ఈ పని చేయింపవలెను.

వ్యాధి ఏది? ఆచారమేది?

ఆషాఢమాసమున లాల్‌దర్వాజా సింహవాహిని మహంకాళి దేవాలయమున బోనాలు జరుగునప్పుడు కొందరు స్త్రీలకు పూనకము వచ్చును. ఆ గడియలో వారిని జనులు భక్తితో జూతురు. పూనకము దిగిన పిమ్మట వారు ఇంటికి బోయి వంట చేసికొందురు. దీనిని వ్యాధియనుట అవివేకము. 2022లో అమలులోనికి వచ్చిన ప్రపంచారోగ్య సంస్థవారి రోగముల పట్టికయు ఈ మాటనే చెప్పుచున్నది. సంఘమంగీకరించిన మతాచారములో భాగముగా వచ్చు పూనకము రోగము గాదు. కోరకయే వచ్చుచు, ఆచారముతో సంబంధము లేకుండ మనుష్యుని బాధించుచు, బ్రదుకును చెడగొట్టు పూనకమే రోగము.

అట్లే మొహర్రము పదవనాడు బీబీ కా ఆలము ఊరేగింపున వేలకొలది జనులు కన్నీరు గార్చుచు గుండెలు బాదుకొందురు. ఆ దుఃఖము భక్తి, రోగలక్షణము గాదు. భర్తను గోల్పోయిన ముస్లిము స్త్రీ నాలుగు నెలల పది దినములు 'ఇద్దత్' పాటించుచు ఇల్లు వదలక యుండును. ఆ సంగతి యెరుగని సలహాదారు, "బయట తిరుగుము, నలుగురిలో కలియుము" అని చెప్పినచో, ఆమె ఆ సలహాను మన్నింపజాలదు, చెప్పినవారినిగూడ మన్నింపదు. ఆచారము నెరిగినవారు, ఆమె యొద్దకే బంధుమిత్రులు వచ్చి కూర్చుండునట్లు చూతురు. వైద్యావసరమునకై బయటికి పోవుటకు ఆ దినములలోను అనుమతి గలదనుటయు వారికి తెలిసియుండును.

రంజాను మాసపు సంగతి ఇంతకంటెను ముఖ్యమైనది. ఉపవాసమున్నవారు పగటి మాత్రలను మానివేయుట సహజము. డాక్టరు ముందుగానే అడిగి తెలిసికొన్నచో, చాల మందులను సహరీ వేళకును, ఇఫ్తారు వేళకును మార్చవచ్చును. అడుగకపోయినచో రోగి చెప్పకయే మానును. లిథియము అను మందు వాడువారి విషయమున మరింత జాగ్రత్త వలయును. ఏలయన దేహమున నీరు తగ్గినప్పుడు రక్తములో ఆ మందు పాలు హెచ్చి విషమగు ప్రమాదమున్నది. రోగులకు ఉపవాసమునుండి మినహాయింపు ఇస్లాము ధర్మముననే కలదు. ఆ మాట డాక్టరుతో పాటు వారు గౌరవించు మతపెద్ద నోటగూడ వచ్చినచో రోగి మనసున నెమ్మది కలుగును.

దవాయు, దువాయు

మనోవ్యాధి వచ్చినప్పుడు మొట్టమొదట డాక్టరునొద్దకు పోవువారు అరుదు. తాయెత్తు గట్టించుట, దిష్టి తీయించుట, దర్గాకు పోవుట ముందుగా జరుగును. పహాడీషరీఫు దర్గాకు ముస్లిములే గాక హిందువులును మ్రొక్కులతో పోవుట మనమెరిగినదే. జాయిస్ ఫ్లూకిగర్ అను అమెరికా పండితురాలు హైదరాబాదున నొక ముస్లిము స్త్రీయొద్ద చాలకాలము కూర్చుండి, ఆమె తాయెత్తులతోడను, ప్రార్థనలతోడను చేయు చికిత్సను గూర్చి 2006లో నొక గ్రంథమును ప్రకటించినది. హిందువులు, ముస్లిములు, క్రైస్తవులు ఒక్క గదిలో వరుసగా కూర్చుండి ఆమెకు తమ కష్టములను చెప్పుకొనెడివారు. అచ్చట ఎవ్వరును వారిని పిచ్చివారనలేదు. వారి మాట సాంతముగా వినుట జరిగెను. మన ఆసుపత్రులు నేర్చుకొనదగినది ఈ వినుటయే.

గుజరాతు రాష్ట్రమున ఉనావా గ్రామములోని మీరాదాతారు దర్గాలో 2008 నాటినుండి 'దవా-దువా' యను పద్ధతి నడచినది. దవా యనగా మందు, దువా యనగా ప్రార్థన. దర్గా ముజావరులు ప్రార్థన చేయుదురు. వ్యాధి లక్షణములు గనబడినవారిని ఆ యావరణముననే కూర్చున్న మనోవైద్యుల కడకు పంపుదురు. ముజావరు పంపినవాడు గావున రోగి సిగ్గుపడడు, మందును నమ్మును. విశ్వాసమును వదలుమని ఎవ్వరును ఆతని నడుగరు.

అయినను ఆచార గౌరవమునకు నొక హద్దు గలదు. 2001 ఆగస్టు 6వ తేదీన తమిళనాట ఏర్వాడి దర్గా సమీపమున ప్రయివేటు వ్యక్తులు నడపు నొక పాకకు నిప్పంటుకొన్నది. అందులోని రోగులు గొలుసులతో గట్టబడి యుండిరి. పారిపోలేక 28 మంది కాలి చనిపోయిరి. వారిని అచ్చటికి దెచ్చి విడిచినవారు తమ బంధువులే. స్వస్థత కలుగునను నమ్మకముతోనే తెచ్చిరి. ఆచారమును గౌరవించుట యనగా రోగిని ఆచారమునకు అప్పగించి ఇంటికి పోవుట గాదని ఆ ఘోరము మనకు చాటుచున్నది. 2017 నాటి మానసికారోగ్య చట్టము రోగిని ఏ విధముగనైనను గొలుసులతో గట్టుటను నిషేధించినది. అది 2018 మే నెల 29వ తేదీనుండి అమలులో నున్నది.

ఆమె పక్షమున మాటలాడువారెవరు?

మన దేశమున రోగి ఒంటరిగా రాడు. కుటుంబము వెంట వచ్చును. దీనిని బలముగా మార్చుకొన్న వైద్యులు మనలోనే కలరు. 1950 దరిమిలా అమృతసరు మానసిక వైద్యశాలలో డాక్టరు విద్యాసాగరుగారు ఆవరణమున డేరాలు వేయించి, రోగులతో గూడ వారి బంధువులను ఉండనిచ్చిరి. రోగులు త్వరగా కోలుకొనిరి. బంధువులకు వ్యాధిని గూర్చిన భయము పోయినది. డాక్టరు జస్వంత్ సింగ్ నేకీగారు 1973లో వ్రాయుచు, పశ్చిమ దేశపు సలహాదారు మౌనముగా కూర్చుండి రోగినే దారి వెదకికొనుమనుననియు, మన రోగి గురువును వెదకు శిష్యునివలె పెద్దల మాటకై వచ్చుననియు, ఆ గురుశిష్య సంబంధమునే చికిత్సకు ఆధారము చేసికొనవచ్చుననియు సూచించిరి. 2009లో బెంగుళూరు నిమ్‌హాన్సు సంస్థలో తల్లిని బిడ్డనుండి విడదీయకుండ చికిత్స చేయు వార్డు ఏర్పడినది. కాన్పు పిమ్మట కొలదిదినములకే తల్లి నిద్రమాని, పొంతనలేని మాటలాడుచు, బిడ్డను జూచి భయపడినచో, గాలి సోకినదని నెలలు గడపరాదు. అది ఆనాడే ఆసుపత్రికి జేర్పవలసిన వ్యాధి. చక్కగా కుదురు వ్యాధి. చికిత్సకై చేరిన తల్లినుండి మూడేండ్లలోపు బిడ్డను సామాన్యముగా వేరు చేయరాదని 2017 నాటి చట్టముననే యున్నది.

కాని కుటుంబము బలమైనట్లే భారమును కావచ్చును. "పిచ్చి కుదిరితే గాని పెండ్లి కాదు, పెండ్లి అయితే గాని పిచ్చి కుదరదు" అను సామెతను మనము నవ్వుచు చెప్పుదుము. ఆ సామెతను నమ్మి, వ్యాధి దాచి పెండ్లి చేసిన యిండ్లలో నవ్వు మిగులలేదు. కొత్త యింట మందులు దాచుకొనవలసి వచ్చిన పిల్ల, మందులు మానును, వ్యాధి తిరుగబెట్టును. ఇంకొక యింటిలో, పెద్దలు చూపిన సంబంధమును కాదన్న పిల్లకే "మతి చెడినది" యని పేరు పెట్టుదురు. ఈ రెండవ యన్యాయమునకు చట్టమే అడ్డు నిలిచినది. ఒకరు ఏ మతమువారు, ఏ వర్గమువారు అనుటను బట్టి గాని, తమ సంఘపు నీతినియమములను, విశ్వాసములను పాటింపకుండుటను బట్టి గాని మనోవ్యాధిని నిర్ణయింపరాదని దాని 3వ సెక్షను చెప్పుచున్నది. మత, కుల, సంస్కృతి భేదము జూపక, రోగికిని ఆమెను సాకువారికిని సమ్మతమగు రీతిని చికిత్స దొరుకుట హక్కని 18వ సెక్షను చెప్పుచున్నది. చికిత్సలోని మేలుకీడులు రోగికి తెలియు భాషలో చెప్పిన పిమ్మట లభించినదే సమ్మతి యని ఆ చట్టపు నిర్వచనము.

కావున మనోవైద్యుడు కుటుంబమును గౌరవముతో కూర్చుండబెట్టి వినవలెను. ఆ పిమ్మట వారిని కొంతసేపు బయట నుండుమని, రోగితో ఒంటరిగా మాటలాడవలెను. స్త్రీ డాక్టరు కావలెనని ఆమె కోరినచో ఆ కోరికను మన్నింపవలెను. ఆమె బురఖాను జూచి గాని, బొట్టును జూచి గాని ఆమె కష్టమేదో తనకు ముందే తెలిసినదని యనుకొనరాదు. ఒక్క వీధిలో నివసించు ఇద్దరు స్త్రీల దుఃఖములు ఒకే తీరున నుండవు. ఆచారములను గూర్చి గ్రంథములలో ఎంత చదివినను, ఎదుటనున్న యామెను అడుగుటకు అది బదులు గాదు.

సోదరీమణులారా! ఈ విషయమున మన యిండ్లలో మనము చేయదగిన పని చాల గలదు. రెండు వారములకు మించి నిద్రాహారములు తప్పినవారిని, చేయుపనియందు మనసు నిలుపలేనివారిని, బ్రదుకు వృథాయని పలుకువారిని చూచినప్పుడు, దిష్టి తీయుట మానకున్నను సరే, డాక్టరును జూచుట మానవలదు. చావుమాట యెత్తినవారిని కసరక, ఒంటరిగా విడువక, దాపునుండి మాటలాడించి, ఆలస్యము చేయక సాయము కోరవలెను. భారత ప్రభుత్వమువారు 2022 అక్టోబరు 10వ తేదీన 'టెలి మానస్' అను టెలిఫోను సహాయమును ప్రారంభించిరి. 14416 అను సంఖ్యకు రాత్రింబవళ్లు ఏ వేళనైనను ఉచితముగా పిలువవచ్చును. తెలుగులోను, ఉర్దూలోను మాటలాడవచ్చును. ఇల్లు కదలలేని స్త్రీకి, పేరు బయటపడునని వెఱచు స్త్రీకి ఇది మొదటి మెట్టు.

ఇక "ఎర్రగడ్డ" యను పరిహాసమును మన నోటినుండి తొలగింతము. పిల్లలు ఆ మాటను మన యొద్దనే నేర్చుకొనుచున్నారు. మన యింటి యాడపడుచు రేపు ఒకనాడు "నా పానము మంచిగ లేదు" అన్నప్పుడు, ఏ యాసుపత్రి పేరు చెప్పినను ఆమె మొగము చిన్నబోకుండ, మన వెంట బయలుదేరవలెను గదా!